అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తున్న ఫోటోకి ఫుల్ ఫ్రేమ్ కావాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కెమెరాతో పాటే వచ్చే పాత 18-55 కిట్ లెన్స్, 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే వెలుతురు పట్టే సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో కన్నా చిన్నది. అమ్మమ్మగారు కిటికీ వెలుతురులో సూదిలో దారం ఎక్కిస్తుంటే తీసి, ఫోటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టారు. నలభైకి పైగా కామెంట్లు వస్తే వాటిలో అమ్మమ్మ గురించి ఒక్కటీ లేదు. "నాయిస్ చూడలేకపోతున్నా", "కిట్ లెన్స్ పక్కన పడేసి ప్రైమ్ కొను", "ఫుల్ ఫ్రేమ్ లేనప్పుడు లో లైట్ జోలికి రాకూడదు". నాయిస్ అంటే తక్కువ వెలుతురులో ఫోటో మీద తేలే గరుకు చుక్కలు, ప్రైమ్ అంటే జూమ్ లేని లెన్స్. ఒకాయనకి మర్యాదగా బదులిస్తే "ముందు నేర్చుకుని రా" అన్నాడు. మీరు ఫోటో తీసేశారు. ఇప్పుడు అడుగుతున్నది: కెమెరా మార్చాలా, లేక ఈ వ్యాపకమే మానుకోవాలా?

రెండూ వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికి నేను మొదలుపెట్టేది ఆ కామెంట్ల నుంచి కాదు, మీ ఫోటో నుంచి. దాని గురించి ఇంతవరకు దాదాపు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి.

మీరు పంపిన ఫైల్‌ని పెద్ద స్క్రీన్ మీద తెరిచి చాలాసేపు చూశాను. ఐఎస్‌ఓ (పెంచితే ఫోటో వెలుగుతుంది, నాయిస్ కూడా తేలుతుంది) 6400, అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) ఎఫ్ 5.6, షట్టర్ సెకనులో 1/60 వంతు, లెన్స్ 55 ఎంఎం దగ్గర. వెలుతురు ఎడమ వైపు నుంచి పడుతోంది. ముఖం సగం నీడలో ఉంది, కానీ కళ్లజోడు అంచు మీద, సూది మీద, ఆ రెంటి మధ్య సాగిన దారం మీద వెలుగు ఒకే గీతలా పరుగెత్తింది. చూసేవాళ్ల కన్ను కళ్ల దగ్గర మొదలై దారం వెంట జారి సూది బెజ్జం దగ్గర ఆగుతుంది. అమ్మమ్మగారి చూపు ఎక్కడుందో మన చూపూ అక్కడికే చేరుతుంది. దారం కొస మాత్రం కాస్త కదిలింది. గ్రూపులో ఎవరో దాన్ని "షేక్" అని కొట్టిపారేశారు. సూది పట్టుకున్న వేళ్లు నిలకడగా ఉన్నాయి, చొక్కా నేత స్పష్టంగా కనిపిస్తోంది, దారం కొస ఒక్కటే చెదిరింది. కెమెరా కదిలితే అన్నీ కదలాలి కదా. అది కెమెరా కదలిక కాదు, దారం పట్టుకున్న పెద్దావిడ చేతి వణుకు. ఆ ఫోటోలో ప్రాణం ఉన్నది అక్కడే. 1/500 షట్టర్‌తో తీసి ఉంటే ఆ వణుకు మాయమయ్యేది.

ఇక మీకు ఇచ్చిన సలహా సంగతి. 85 ఎంఎం ఎఫ్ 1.8 ప్రైమ్, ఫుల్ ఫ్రేమ్ బాడీ అన్నారు. లెక్క వేద్దాం. మీరు మీటరున్నర దూరం నుంచి తీసినట్టున్నారు. అమ్మమ్మగారు కాస్త పక్కకి తిరిగి ఉన్నారు కాబట్టి సూదికీ కళ్లకీ మధ్య కెమెరా వైపు నుంచి చూస్తే పది పదిహేను సెంటీమీటర్ల లోతు ఉంటుంది. మీ కెమెరాలో 55 ఎంఎం, ఎఫ్ 5.6 దగ్గర ఆ దూరంలో ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 16 సెంటీమీటర్లు. సూదీ, కళ్లూ రెండూ అందులో ఇమిడాయి. వాళ్లు చెప్పిన లెన్స్‌ని ఎఫ్ 1.8 దగ్గర తెరిచి పెడితే ఆ లోతు మూడున్నర సెంటీమీటర్లకు పడిపోతుంది. అప్పుడు సూది కావాలా, కళ్లు కావాలా మీరే తేల్చుకోవాలి. సూదినీ కళ్లనీ కలిపే దారమే కదా మీ ఫోటో! అంటే ఆ సలహా పాటించి ఉంటే నాయిస్ పోయేది, దాంతోపాటు ఫోటో కూడా పోయేది. మీ ఫోటోని ఒక్క నిమిషం చూసినవాళ్లెవరూ ఆ లెన్స్ పేరు చెప్పరు. చూడకుండా చెప్పారు. నాకు బాధ కలిగించేది అదే.

నాయిస్ లేదని నేను అనను, ఉంది. నీడల్లో బాగానే తెలుస్తోంది. అయితే దాన్ని తగ్గించే దారి ఆ గదిలోనే ఉండింది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 ఎంఎం, మీది దాదాపు 23.5×15.6. విస్తీర్ణంలో రెండు రెట్లకు కొంచెం పైన తేడా, అంటే వెలుతురు లెక్కలో ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపయితే ఒక స్టాప్), ఇంకాస్త. కెమెరా మారిస్తే మీకు దక్కేది అంతే. మీ ఫోటోలో అమ్మమ్మగారు కిటికీకి మూడు మీటర్ల దూరంలో కూర్చున్నట్టు కనిపిస్తోంది. కుర్చీని మీటరున్నరకి జరిపితే ముఖం మీద పడే వెలుతురు మూడు రెట్లకు పైగా పెరుగుతుంది, అంటే ఒకటిన్నర స్టాప్ పైమాటే. అదే అపెర్చర్‌తో, అదే షట్టర్‌తో ఐఎస్‌ఓ 2000 దగ్గరికి దిగేది. కుర్చీ జరపడం వల్ల వచ్చింది కెమెరా మార్చడం వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ. ఈ ఒక్క మాట ఆ కామెంట్లలో ఎవరో ఒకరు చెప్పి ఉంటే మీరు ఈపాటికి రెండో ఫోటో తీసి ఉండేవారు.

ఇంకో సంగతి. వాళ్లంతా ఫైల్‌ని వంద శాతం జూమ్ చేసి చూశారు. మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోని వంద శాతంలో చూడడమంటే, ఐదున్నర అడుగుల వెడల్పు ప్రింట్‌ని మూరెడు దూరంలో నిలబడి తడుముకున్నట్టు. ఫోటోని ఎవరూ అలా చూడరు. ఫోన్‌లో చూడడానికి 1080 పిక్సెళ్ల వెడల్పుకి కుదిస్తే, దాదాపు 30 పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, నాయిస్ ఐదో వంతుకి అటూఇటూగా తగ్గిపోతుంది. మీ ఫోటోని నేను ఆ సైజులో కూడా చూశాను. నాయిస్ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

మరి ఎందుకిలా మాట్లాడతారు? ఇన్నేళ్లలో నాకు అర్థమైనంత చెబుతాను.

మొదటి కారణం, ఫోటో గురించి మాట్లాడడం కష్టం. పరికరం గురించి మాట్లాడడం సులువు. 45 మెగాపిక్సెళ్లు 24 కన్నా ఎక్కువ అని చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు, ఎవరూ కాదనరు. "ఈ దారం నన్ను ఆపేసింది" అనడానికి మాత్రం తన మనసు కొంచెం బయట పెట్టుకోవాలి. కాదని ఎవరైనా నవ్వితే తట్టుకోవాలి. అంకె వెనక దాక్కున్నవాడిని ఎవరూ నవ్వరు. పోనీ ఆ అంకెలనైనా సరిగ్గా అర్థం చేసుకుంటారా అంటే, అదీ అరుదే. 24 నుంచి 45కి వెళ్తే పొడుగు వెడల్పుల్లో పెరిగేది 37 శాతం మాత్రమే. వివరం నిజంగా రెట్టింపు కావాలంటే పిక్సెళ్లు నాలుగింతలు కావాలి. చేయి కొంచెం వణికితే, ఫోకస్ కాస్త తప్పితే ఆ 37 శాతం కూడా దక్కదు.

రెండోది డబ్బు. లెన్స్ మౌంట్, అంటే లెన్స్‌ని కెమెరాకి బిగించే చోటు, పెళ్లి లాంటిది. ఒక కంపెనీ బాడీ కొన్నాక నాలుగు లెన్సులు చేరేసరికి ఇంకో కంపెనీ వైపు చూడడం చాలా ఖరీదైన పని. 1987లో కెనాన్ తన ఎఫ్‌డీ మౌంట్‌ని వదిలి ఈఎఫ్ తెచ్చినప్పుడు, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న లెన్సులు కొత్త బాడీలకి నేరుగా ఎక్కకుండా పోయాయి. నికాన్ మాత్రం అప్పుడు 1959 నాటి ఎఫ్ మౌంట్‌నే పట్టుకుని ఉండింది. ఆనాటి వాదనలు తెలిసినవాళ్లకి ఇప్పటి గొడవలు కొత్తగా అనిపించవు. అంత ఖర్చు పెట్టినవాడికి తన ఎంపిక తప్పేమో అన్న అనుమానం భరించరానిది. అందుకే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. నాలుగో కాలు చూపించినవాడి మీద కోపం తెచ్చుకుంటాడు. మీరు కిట్ లెన్స్‌తో మంచి ఫోటో తీస్తే అది ఆయనకి నాలుగో కాలు చూపించడమే. ఆ కోపం మీ మీద కాదు, కానీ తగిలింది మీకే.

దీనికి తోడు భయం. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి మార్కెట్‌కి వెళ్లాయి. 2020కి వచ్చేసరికి 90 లక్షలు కూడా లేవు. ఫోన్లు మిగతాదంతా తినేశాయి. ఒలింపస్ తన కెమెరా విభాగాన్నే వదిలేసుకుంది, 2021 జనవరి నుంచి అది వేరే కంపెనీ చేతిలో నడుస్తోంది. తన మౌంట్ రేపు ఉంటుందో లేదో అన్న దిగులు ఉన్నవాళ్లకి పక్క కంపెనీ కెమెరా ఒక పరికరంలా కనిపించదు, శత్రువులా కనిపిస్తుంది. పైగా కొత్త బాడీ వచ్చిన ప్రతిసారీ పాతది పనికిరాదని చెప్పే వీడియోల్లో చాలావాటి కింద కొనుగోలు లింకులుంటాయి. మీరు కొంటే వాళ్లకి కమిషన్. ఆ భాషే రోజూ వింటూ ఉంటే ఎవరి నోటికైనా అదే వస్తుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే ఈ జవాబు నిజాయితీగా ఉండదు. చాలా ఏళ్ల కిందట నేను ఒక గ్రూపుని చూసుకునేవాణ్ణి. ఒక కుర్రాడు వర్షంలో బస్సు అద్దం మీద నుంచి తీసిన ఫోటో పెట్టాడు. "దీని గురించి ఏమైనా చెప్పండి సార్" అని అడిగాడు. నేను ఆ లెన్స్ మూలల్లో షార్ప్‌నెస్ ఎలా పడిపోతుందో, బదులుగా ఏది కొనాలో పెద్ద జవాబు రాశాను. సహాయం చేస్తున్నాననే అనుకున్నాను. అతను "థాంక్యూ సార్" అని ఒక్క మాట రాశాడు, మళ్లీ రాలేదు. కొన్ని నెలల తర్వాత పాత పోస్టులు సర్దుతుంటే ఆ ఫోటో కంటపడింది. అద్దం మీద నీటి బొట్ల మధ్య, బయట గొడుగు లేకుండా నిలబడ్డ ఒక మనిషి ఈ బస్సు కేసే చూస్తున్నాడు. మొదటిసారి నేను ఆ మనిషిని చూడనే లేదు. మూలలు చూశాను. నేను తిట్టలేదు, ఎగతాళి చేయలేదు, అయినా అతన్ని పంపించేసింది నేనే. అప్పటినుంచి ఎవరు ఫోటో చూపించినా అందులో ఏముందో ముందు ఒక్క వాక్యం రాయకుండా కెమెరా మాట ఎత్తకూడదని నియమం పెట్టుకున్నాను.

ఈ కయ్యం ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1932లో అమెరికన్ ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ తదితరులు కలిసి ఒక బృందం పెట్టి, అతి చిన్న అపెర్చర్‌ని సూచించే అంకె మీదుగా దానికి ఎఫ్ 64 అని పేరు పెట్టారు. ఫోటో అంటే ముందు నుంచి వెనక దాకా సూటిగా, పదునుగా ఉండాలన్నది వాళ్ల పట్టు. నెగటివ్‌ని, ప్రింట్‌ని చేత్తో దిద్ది చిత్రకళలా మలిచే విలియం మోర్టెన్సెన్ మీద ఆడమ్స్‌కి ఎంత కసి అంటే, ఆయన్ని క్రీస్తు విరోధి అన్నాడు. ఆ తర్వాత చాలా కాలం ఫోటోగ్రఫీ చరిత్ర పుస్తకాల్లో మోర్టెన్సెన్ పేరే కనబడకుండా పోయింది. ఆడమ్స్ ప్రింట్ల ముందు నేను గంటలు నిలబడ్డాను, ఆయన మీద నాకున్న గౌరవం తగ్గలేదు. అంత గొప్ప కన్నున్న మనిషి కూడా తన పద్ధతి తప్ప ఇంకొకటి బతకకూడదనుకున్నాడంటే, గ్రూపులో మీ మీద విరుచుకుపడ్డవాళ్లని రాక్షసులనుకోనక్కర్లేదు. అలాగని మీరు పడి ఉండాలనీ కాదు.

మీకు రెండో రకం మనుషులు కూడా తగులుతారు. "కెమెరాదేముంది, అంతా కన్నులోనే ఉంది" అనేవాళ్లు. వినడానికి హాయిగా ఉంటుంది, సగమే నిజం. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్‌లోకి దిగినప్పుడు ఫోటోగ్రాఫర్ యోసెఫ్ కౌదెల్కా చేతిలో ఉన్నది ఎక్సాక్టా కెమెరా, ఎక్కువ వెడల్పు పట్టే 25 ఎంఎం ఫ్లెక్టోగాన్ వైడ్ లెన్స్. ఆ లెన్స్‌తో పూర్తి ఫోటో కావాలంటే మనుషుల మధ్యకి, ట్యాంకుల మధ్యకి వెళ్లాలి. వెళ్లాడు. ఆ చిత్రాలు దొంగచాటుగా దేశం దాటి, మరుసటి ఏడు ఆయన పేరు లేకుండా అచ్చయ్యాయి. దీన్ని చూపించి "చూశావా, పాత కెమెరాతోనే తీశాడు" అంటారు. కానీ ఆ వైడ్ లెన్స్ లేకపోతే ఆ దగ్గరితనం రాదు. పరికరం ఫోటోని మారుస్తుంది, కాబట్టే తన పనికి ఏది కావాలో తెలుసుకోవాలి. చెట్టు చిటారున ఉన్న పక్షిని 55 ఎంఎంతో తీయమని నేను ఎవరికీ చెప్పను. ఇండోర్ స్టేడియంలో బ్యాడ్మింటన్ తీసేవాడికి ఎఫ్ 5.6 నరకం. పెళ్లిళ్లు తీసేవాళ్లకి రెండు మెమరీ కార్డులు పట్టే బాడీ కావాలి, ఎందుకంటే ఆ రోజు మళ్లీ రాదు. మెడనొప్పి ఉన్నవాళ్లకి తేలికైన చిన్న సెన్సర్ కెమెరాయే అన్నిటికన్నా గొప్ప కెమెరా. పక్షులు తీసేవాడు 600 ఎంఎం లెన్స్ గురించి గంటసేపు మాట్లాడితే అది మోజు కాదు, వడ్రంగి ఉలి గురించి మాట్లాడినట్టు. అలాంటివాళ్లని కూడా "గేర్ పిచ్చి" అని వెక్కిరించేవాళ్లున్నారు, అది కూడా నాకు నచ్చదు.

నా కొలత ఒక్కటే. మీరు తీయాలనుకున్న ఫోటో ఏది, అది ఎక్కడ ఆగిపోయింది? ఈ రెంటికీ జవాబు ఉంటే కొనండి. "రాత్రి గదిలో పిల్లాడు పరుగెత్తుతుంటే 1/60 చాలట్లేదు, ఐఎస్‌ఓ ఇంకా పెంచలేను" అన్నది జవాబు. "గ్రూపులో నవ్వారు" అన్నది కాదు. మీ సూది ఫోటో ఎక్కడా ఆగిపోలేదు.

ఎఫ్ నంబర్ల సమానత గొడవలో మాత్రం ఇరుక్కోకండి. చిన్న సెన్సర్ మీద ఎఫ్ 2.8 అంటే ఎఫ్ 2.8యేనని ఒకరు, కాదు ఎఫ్ 5.6 అని ఇంకొకరు కొట్టుకుంటారు. ఎక్స్‌పోజర్ లెక్కలో మొదటివాడు కరెక్టు. మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సర్‌ని ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చినప్పుడు వెనక మసకా, మొత్తం పోగయ్యే వెలుతురూ లెక్కలో రెండోవాడు కరెక్టు. ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెబుతూ ఒకరినొకరు మూర్ఖుడంటారు.

మళ్లీ ఫోటో పెట్టినప్పుడు ఏం చేయాలో అడిగారు. కెమెరా, లెన్స్, ఐఎస్‌ఓ వివరాలు పోస్టులో రాయకండి. రాస్తే చర్చ దాని మీదకే పోతుంది. దాచమనడం లేదు, అడిగినవాళ్లకి చెప్పండి. "ఎలా ఉంది?" అని వదిలేయకుండా ఒక ప్రశ్న అడగండి: "కుడివైపు నీడ ఇంకొంచెం తెరవాలా, ఇలాగే ఉంచాలా?" అని. ప్రశ్న అంత సూటిగా ఉంటే జవాబివ్వడానికి ఫోటో చూడక తప్పదు. పేజీలో వందల మంది ఉన్నచోట కాకుండా, ఐదారుగురు ఒకరి ఫోటోలు ఒకరు నెలల తరబడి చూసుకునే చోటు వెతుక్కోండి. మీ పోయిన నెల ఫోటో గుర్తున్నవాడు చెప్పే విమర్శకి, నిమిషం కిందట మిమ్మల్ని చూసినవాడు చెప్పేదానికి పోలికే లేదు.

కటువుగా చెప్పినవాళ్లందర్నీ మాత్రం ఒకే గాట కట్టకండి. ఆ నలభైలో ఒకాయన "పై మూల తెర మరీ తెల్లగా ఉంది, కన్ను అక్కడికి పోతోంది" అని రాశాడని మీరే చెప్పారు. ఆ మాట మిమ్మల్ని నొప్పించి ఉండొచ్చు, కానీ ఆయన ఫోటో చూశాడు. ఆయన చెప్పింది నిజం కూడా. అలాంటి మనిషి దొరికితే వదులుకోవద్దు, వీలైతే ఆయనకి వేరుగా ఒక సందేశం పంపండి. "నేర్చుకుని రా" అన్నాయనకి మాత్రం బదులు అక్కర్లేదు. ఒకవేళ ఇవ్వాలనిపిస్తే ఒక్కసారే, "మీరైతే ఈ ఫ్రేమ్‌లో ఏం మార్చేవారు?" అని అడిగి ఊరుకోండి. చెప్పగలిగినవాడైతే చెబుతాడు. అలా అడిగినప్పుడు మెత్తబడి చక్కగా వివరించినవాళ్లని నేను కొద్దిమందినైనా చూశాను.

తీసేసిన ఫోటోని మళ్లీ పెట్టండి. అంతకన్నా ముందు ప్రింట్ తీయించండి. 6000 పిక్సెళ్లంటే అంగుళానికి 300 చొప్పున 20 అంగుళాల దాకా నిశ్చింతగా వస్తుంది, మీకు 12×8 చాలు. మ్యాట్ పేపర్ మీద వేయించండి, నీడల్లో ఉన్న ఆ కాస్త నాయిస్ కాగితం నేతలో కలిసిపోతుంది. పై మూల తెర తెలుపుని ముందు కొంచెం దించండి, లేకపోతే అంచు నుంచి వేలెడంత కత్తిరించండి, దారానికి ఏమీ కాదు. అమ్మమ్మగారికి చూపించినప్పుడు ఆవిడ ముందు ఎక్కడ చూశారో గమనించి నాకు రాయండి. కుర్చీ కిటికీ దగ్గరికి జరిపి రెండోది తీస్తే అది కూడా పంపండి, రెండూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.